వరూంగా అడవి అంచున ఆ ఇల్లు

నేను సిడ్నీలో దిగింది 2006 ఫిబ్రవరిలో. హార్న్స్‌బీ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో చిన్న అద్దె యూనిట్. ఆఫీసు సిటీలో, జార్జ్ స్ట్రీట్‌లో. మధ్యాహ్నం బాక్సు పట్టుకుని ఆస్ట్రేలియా స్క్వేర్ ముందున్న ఖాళీ జాగాలో కూర్చుని తినేవాణ్ణి. తలెత్తి చూస్తే గుండ్రటి భవనం, 50 అంతస్తులు. 1967లో కట్టారట. గుండ్రంగా ఎందుకు కట్టారో అప్పట్లో నాకు తెలీదు, చూడ్డానికి బాగుండేది, అంతే.

వచ్చిన నెలకే, మార్చిలో, పేపర్లో ఆ భవనం ఫొటో పడింది. పక్కనే బో టై కట్టుకున్న ఒక పెద్దాయన ఫొటో. హ్యారీ సైడ్లర్, ఆర్కిటెక్టు, 82 ఏళ్లకి కన్నుమూశారు. మా టీములో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ స్థానికుడొకాయన ఆ పేపరు నా టేబుల్ మీద పెట్టి, "ఈయన ఈ దేశంలో కట్టిన మొట్టమొదటి ఇల్లు మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది, వాళ్లమ్మ కోసం కట్టాడు, వెళ్లి చూడు" అన్నాడు.

"వాళ్లమ్మ కోసం" అన్న మాట నాలో ఎక్కడో ఉండిపోయింది. ఎందుకంటే అప్పటికి నేనూ మా అమ్మకి ఊళ్లో ఇల్లు కట్టించే ఆలోచనలోనే ఉన్నాను.

వెళ్లడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆదివారాలు తెరుస్తారు. 2008లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ఒక ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను. ఆ ఇల్లున్న పేట వరూంగా. వరూంగా అంటే పాత ఎర్ర ఇటుక ఇళ్లు, ఏటవాలు పెంకు కప్పులు, గేటు దగ్గర గులాబీ మొక్కలు. క్లిస్సోల్డ్ రోడ్డులో ముందుకెళ్లే కొద్దీ ఇళ్ల వెనక చెట్లు చిక్కబడుతూ వచ్చాయి. కారు ఆపి దిగగానే ముక్కుకి తగిలింది నీలగిరి ఆకు వాసన. చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ రుమాలు మీద వేసి పీల్చమనే నీలగిరి తైలం వాసన, ఇక్కడ గాలంతా అదే.

ఆ చెట్ల మధ్య ఇల్లు. తెల్లటి పెట్టెలా ఉంది. నేలకి ఆనలేదు. సన్నటి ఇనప పైపు స్తంభాల మీద, ఇసుకరాతి గోడల మీద ఎత్తుగా నిలబెట్టారు. కప్పు బల్లపరుపు. గోడలు కట్టాల్సిన చోట నేల నుంచి పైదాకా అద్దాలు. ఆ అద్దాల్లో ఎదురుగా ఉన్న లోయ, లోయలోని చెట్లు మళ్లీ కనిపిస్తున్నాయి. కూరింగాయ్ చేస్ నేషనల్ పార్కు అది. 1894 నుంచి కాపాడుకొస్తున్న అడవి. అంతకు ముందు వేల ఏళ్ల నుంచి ఆదివాసుల నేల. ఆ పార్కు బండల మీద వాళ్లు చెక్కిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంటి కథ అక్కడి గైడు చెప్పింది, తర్వాత నేనూ కొంత చదువుకున్నాను. సైడ్లర్ కుటుంబం వియన్నాకి చెందిన యూదులు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక, పదిహేనేళ్ల హ్యారీ ఇంగ్లండుకి పారిపోయాడు. అక్కడ యుద్ధం మొదలయ్యాక, జర్మనీలో కలిసిపోయిన దేశంవాడు కాబట్టి శత్రుదేశస్థుడని పట్టుకుని క్యాంపులో పెట్టారు, ఆనక కెనడా క్యాంపుకి పంపేశారు. ఎవరి నుంచి పారిపోయి వచ్చాడో వాళ్ల మనిషి అన్న పేరుతోనే ముళ్లకంచె వెనక కూర్చోవాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి విడుదలై మానిటోబాలో ఆర్కిటెక్చర్ చదివాడు, తర్వాత హార్వర్డ్‌లో వాల్టర్ గ్రోపియస్ దగ్గర చదువు, ఆ పైన న్యూయార్క్‌లో మార్సెల్ బ్రాయర్ ఆఫీసులో పని. ఇద్దరూ ఆధునిక ఆర్కిటెక్చర్‌లో పేరుమోసినవాళ్లే. ఈలోగా 1946లో అమ్మానాన్నలు రోజ్, మ్యాక్స్ సిడ్నీ చేరుకున్నారు. ఊరి చివర 16 ఎకరాల అడవి నేల కొన్నారు. "వచ్చి మాకో ఇల్లు కట్టిపెట్టు" అని కొడుక్కి కబురు పెట్టారు.

అతను 1948లో వచ్చాడు. ఇల్లు కట్టేసి మళ్లీ అమెరికా వెళ్లిపోదామనే వచ్చాడు. అప్పటికి పాతికేళ్లు కూడా పూర్తిగా నిండనివాడు. యుద్ధం తర్వాత ఇటుకకీ కలపకీ కటకటగా ఉన్న రోజులు. 1950లో ఇల్లు పూర్తయింది. 1951లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే పెద్ద పురస్కారం సుల్మన్ మెడల్ ఈ ఇంటికే వచ్చింది. చూసినవాళ్లు మాకూ ఇలాంటిది కట్టిపెట్టమని వెంటపడ్డారు. ఇక అతను తిరిగి వెళ్లలేదు. సిడ్నీ ఆకాశంలో ఈరోజు కనిపించే రూపంలో సగం ఆయన గీసిందే అనిపిస్తుంది నాకు. అదంతా ఒక అమ్మ రాసిన కబురుతో మొదలైంది.

లోపల తిరుగుతుంటే కాళ్లు ఒకచోట ఆగిపోయాయి. ఇంటి నడిమధ్య, గదులన్నీ మూడువైపులా చుట్టుకుని ఉన్నచోట, ఆరుబయట డెక్కు. దాని గోడ మీద హ్యారీ స్వయంగా వేసిన పెద్ద కుడ్యచిత్రం: నీలం, పసుపు, ఎరుపు, గోధుమ రంగు ఆకారాలు, ఒకదాని మీదికి ఒకటి జారుతున్నట్టు. ఇంట్లో తెరలకీ తలుపులకీ ఎక్కడ రంగు కనబడినా అది ఈ బొమ్మలోంచి తీసుకున్నదే. ఆ డెక్కులో నిలబడితే పైన ఆకాశం, ఎదురుగా అడవి, వెనక ఇల్లు. అక్కడ చాలాసేపు ఉండిపోయాను. ఎందుకో అప్పుడు తెలీలేదు. అమ్మ వచ్చి చెప్పేదాకా.

మాది కోనసీమ. మా ఇల్లు మండువా లోగిలి, మా ముత్తాత కట్టించింది. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా. నాలుగు మూలలా టేకు స్తంభాలు. వానొస్తే నాలుగు కప్పుల నీళ్లూ మండువాలోకే దూకేవి. నానమ్మ చూరు కింద గంగాళం పెట్టించేది, అందులో పడే ధార చప్పుడుకి మేం నిద్రపోయేవాళ్లం. గచ్చు మీద చెంప ఆనిస్తే ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది.

1996 నవంబరు తుపానుకి తూర్పువైపు కప్పు లేచిపోయింది. ఆ రాత్రి తోటలో కొబ్బరి చెట్లు విరిగి పడుతుంటే ఒక్కొక్కటీ ఫిరంగి పేలినట్టు వినపడిందని నాన్నగారు చెప్పేవారు. బాగుచేయించారు గానీ ఆ తర్వాత ఆ పక్క ఎప్పుడూ కురుస్తూనే ఉండేది. పెంకు నేసేవాళ్లు దొరకడం తగ్గింది. దూలాలకి చెద పట్టింది. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కర్తే ఆ ఇంట్లో, రాత్రిపూట గిన్నెలు పెట్టుకుంటూ, ఎక్కడ కురుస్తుందో చూసుకుంటూ. ఇక్కడ నాకు నిద్ర పట్టేది కాదు. 2009లో కొట్టించేశాను. అమ్మకి మెట్లు ఎక్కే పని లేకుండా, టైల్స్, అటాచ్డ్ బాత్రూం, ఇన్వర్టర్, అన్నీ ఉన్న డాబా కట్టించాను. టేకు స్తంభాలు, దూలాలు కంట్రాక్టరే లెక్కలో పట్టుకుపోయాడు. ఎవరికి అమ్మాడో అడగలేదు. అమ్మ ఒక్కమాట అనలేదు. "నీకు ఎలా బాగుంటే అలా చెయ్యి నాన్నా" అంది. ఆ మాట ఒప్పుకోవడం అనుకున్నాను.

2012లో అమ్మని సిడ్నీ తీసుకొచ్చాను. ఒపేరా హౌసు, బ్రిడ్జి, గుడి, అన్నీ చూపించాక ఒక ఆదివారం వరూంగా తీసుకెళ్లాను. ఇంట్లో అందరూ "అత్తయ్యగారికి ఆ అద్దాలిల్లు ఏం నచ్చుతుంది" అన్నారు. నాకు మాత్రం చూపించాలనిపించింది.

డెక్కు మీద నుంచి తోటలోకి దిగడానికి మెట్లకి బదులు పొడవాటి ఏటవాలు దారి ఉంది. అమ్మ మోకాళ్లకి అది బాగా నచ్చింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, నెమ్మదిగా అందులోంచి పైకి ఎక్కి డెక్కు మధ్యకొచ్చి నిలబడింది. చుట్టూ చూసింది. పైకి చూసింది.

"ఏరా, ఇది మండువాయే కదా" అంది.

నేను నోరు తెరిచేలోపే వేలు తిప్పి చూపించింది. "ఇదిగో ఇటు పడగ్గదులు, అటు వంటిల్లు, హాలు, మధ్యలో మండువా. మనది నాలుగు పక్కలా మూసుంటుంది. ఈయన ఒక పక్క తీసేశాడు, చెట్లు కనపడాలని."

ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో ఈ ఇంటి గురించి ఎన్నో విశేషణాలు చదివాను. అమ్మ చెప్పిన రెండు ముక్కల్లో నాకు ఇల్లు అర్థమైంది. కోనసీమకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు, ఆయన నేర్చుకున్నది గ్రోపియస్, బ్రాయర్ల దగ్గర. అయినా, నాలుగేళ్ల కిందట నేను ఆ డెక్కు మీద కదలకుండా ఎందుకు నిలబడిపోయానో అప్పుడు తెలిసింది.

వంటింట్లో అమ్మ చాలాసేపు ఉంది. 1950 నాటి వంటిల్లు. గిన్నెలు కడిగే మిషను, సింకులో చెత్తని నలిపేసే మిషను, పొగ లాగే ఫ్యాను, ఫ్రిజ్. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలోనే ఇలాంటి వంటిల్లు చాలా అరుదు. "మా పెళ్లినాటికి మన ఇంట్లో కరెంటు లేదు" అంది అమ్మ, అలమర తలుపుని కళ్లతోనే తడుముతూ. ముట్టుకోకూడదని చెప్పారు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుంది. రోజ్ మంచి వంటగత్తె, వియన్నా కేకులు బాగా చేసేవారట. అది విన్నాక అమ్మకి ఆవిడ మీద ఇష్టం పెరిగింది.

హాల్లో కుర్చీలు చూపించారు. ఈమ్స్, సారినెన్ లాంటి పేరున్న డిజైనర్లు గీసినవి, సీతాకోకచిలుక రెక్కల్లాంటి హార్డాయ్ కుర్చీ, చాలావాటిని హ్యారీ న్యూయార్క్‌లో కొని ఓడలో తెప్పించాడు. ఇంటికి ఏది ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో అన్నీ అతనే నిర్ణయించాడు. వియన్నా నాటి చెక్కడపు సామాను ఈ ఇంట్లోకి రావడానికి ఒప్పుకోలేదు. రోజ్ తనతో నిలుపుకోగలిగింది తన పాత వెండి చెంచాలు, ఫోర్కులు, కత్తులేనని, అవి కూడా కొడుకు భోజనానికి రాని రోజుల్లోనే బయటికి తీసేవారని గైడు చెప్పింది. వచ్చినవాళ్లందరూ నవ్వారు.

నేను తర్జుమా చేసి చెప్పాను. అమ్మ నవ్వలేదు. "అవెక్కడ దాచుకునేదో" అంది.

అలా అని రోజ్ ఈ ఇంట్లో కష్టపడ్డారని నేననుకోను. ఆవిడా మ్యాక్స్ గారూ 1967 దాకా ఇక్కడే ఉన్నారు. ఇష్టం లేని ఇంట్లో ఎవరూ 17 ఏళ్లు అలా అద్దంలా ఉంచుకోరు. అంతా పోగొట్టుకుని వచ్చిన కుటుంబం. కొడుకు పాతదేదీ వద్దన్నాడంటే, ఆ పాత లోకం వాళ్లని ఏం చేసిందో అతను మర్చిపోలేదని నాకనిపిస్తుంది. ఆ తెల్లగోడలూ అద్దాలూ నాకెప్పుడూ ఫ్యాషన్‌లా కనపడలేదు. దాక్కోవాల్సిన అవసరం లేని చోటికి వచ్చాం అని చెబుతున్నట్టుంటాయి. కానీ ఆ చెంచాలు కూడా ఆ ఇంటి కథే. మ్యూజియంవాళ్లు వాటి మాట వదలకుండా చెప్పడం నాకు చాలా నచ్చింది.

బయటికొచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ యాంగొఫొరా అనే చెట్టొకటి ఉంటుంది, ఏటా బెరడు ఒలుచుకుంటుంది. కొత్త బెరడు లేత గులాబీ రంగులో, పసిపిల్లల ఒళ్లులా నున్నగా. అమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ఎక్కడో కూకబర్ర పిట్టలు పగలబడి నవ్వినట్టు అరిచి ఊరుకున్నాయి.

కాసేపటికి, "మన సింహద్వారం ఉంది" అంది.

నాకు అర్థం కాలేదు.

"పశువుల పాకలో పెట్టించాను. కంట్రాక్టరు అన్నీ పట్టుకెళ్తానంటే అదొక్కటీ ఇవ్వనన్నాను. నువ్వు ఏమైనా అనుకుంటావని చెప్పలేదు."

మూడేళ్లు నాకు చెప్పకుండా దాచింది. నేను ఆ గులాబీ రంగు చెట్టు కేసి చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనలేకపోయాను.

ఆ తర్వాత ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను, ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లాను. పాతకాలం కార్లు, చుక్కల గౌన్లతో అక్కడ ఫిఫ్టీస్ ఫెయిర్ అని తిరనాళ్లలాంటిది జరిగేది, పిల్లల్ని దానికీ తీసుకెళ్లాను. వెళ్లే కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ ఇంటి విలువ ఇల్లొక్కదానిలోనే లేదు. అదే తెల్లపెట్టెని ఎత్తుకెళ్లి ఏ షాపింగ్ సెంటరు పక్కనో పెడితే అది ఉత్త అద్దాల గది. గది గదికీ ఎదురుగా ఏ చెట్లు కనబడాలో, పొద్దుటెండ ఎటునుంచి రావాలో చూసుకుని కట్టిన ఇల్లు అది. గోడకి వాడిన రాయి కూడా ఈ నేల రాయే.

ఆస్ట్రేలియాలో వారసత్వ కట్టడాల పని చేసేవాళ్లకి బుర్రా చార్టర్ అని ఒక పత్రం ఉంది, 1979లో రాసుకున్నది. ఒక చోటు విలువ దాని గోడల్లోనే కాక చుట్టూ ఉన్న పరిసరంలోనూ, అందులో ఉన్న వస్తువుల్లోనూ, దాంతో మనుషులకున్న బంధంలోనూ ఉంటుందని అందులో ఉంది. మార్చక తప్పనప్పుడు కావలసినంతే మార్చండి, కుదిరినంత తక్కువ ముట్టుకోండి అని కూడా. అది చదివినప్పుడు మా మండువా గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. తూర్పు వసారా ఒక్కటీ విప్పి బాగుచేయించి, వెనకవైపు అమ్మకో గదీ బాత్రూమూ కలిపి ఉండొచ్చు. డబ్బుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఎవరూ చెప్పనూ లేదు. మా పక్క మండువా ఇల్లంటే మరమ్మతుల ఇల్లు అనే లెక్క.

అడవి పక్కన ఉండడం ఊరికే రాదు. 1994 జనవరిలో ఈ కూరింగాయ్ అడవి తగలబడింది. 2019 నవంబరులో పక్కనే ఉన్న సౌత్ టర్రమర్రాలో మంటలు ఇళ్ల దాకా వచ్చేస్తే, విమానాల్లోంచి చల్లిన మందుతో ఇళ్లూ కార్లూ రోడ్లూ గులాబీ రంగుకి తిరిగిపోయాయి. ఆ సాయంత్రం మా బాల్కనీలోంచి పొగ కనపడింది. మా ఇంటి గురించి టెన్షన్ ఉంది, నిజమే, కానీ మనసు మాటిమాటికీ ఆ తెల్ల ఇంటి మీదికి పోయింది. 2014 నుంచి మంటల భయం ఉన్న చోట ఇంటికి పది మీటర్ల లోపు చెట్లని అనుమతి లేకుండానే కొట్టుకోవచ్చని రూల్ తెచ్చారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పేరుతో నిక్షేపంలాంటి చెట్లు పడిపోవడం మా వీధిలోనే చూశాను. రోజ్ గారి ఇల్లు ఇప్పటికీ నిలిచిందంటే, హ్యారీ 1988లో దాన్ని ప్రభుత్వ ట్రస్టుకి అప్పగించడం వల్లే. వాళ్లు మళ్లీ మొదటి రోజుల్లో ఉన్నట్టే రంగులూ సామానూ సరిచేసి 1991లో జనానికి తెరిచారు. ఏ కొనుగోలుదారు చేతిలోనో పడి ఉంటే ఆ జాగాకి ఉన్న రేటుకి ఈపాటికి అక్కడ నాలుగు టౌన్‌హౌసులు లేచేవి.

అమ్మ ఇండియా వెళ్లిపోయిన తర్వాతి సంక్రాంతికి నేనూ ఊరెళ్లాను. భోగి మర్నాడు పొద్దున్నే, ఎవరూ లేవకముందు, పెరట్లోకి వెళ్లి పశువుల పాక తలుపు తీశాను. గేదెలు లేవు, అమ్మేసి చాలా ఏళ్లయింది. ఎండుగడ్డి వాసన ఇంకా ఉంది. గోడకి ఆనించి, టార్పాలిన్ కప్పి, పైన అమ్మ పాత నేత చీర చుట్టి ఉంది సింహద్వారం. విప్పాను. నిలువు కమ్ముల మీద చిలకలు, పై కమ్మి మధ్యలో గజలక్ష్మి. ఎడమవైపు చిలక ముక్కు విరిగింది నా చిన్నప్పుడే, బంతి తగిలి. టేపు పెట్టి కొలిచాను. ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. కొత్త ఇంటికి ముందువైపు పట్టదు. పెరటివైపు గోడ కొట్టిస్తే, తోటలోకి, సరిగ్గా పడుతుంది.

గడప కొలవడానికి కిందకి వంగాను. ఏ ఇంటికీ బిగించి లేని గడప అది, గడ్డి మీద పరుండబెట్టి ఉంది. దాని నిండా పసుపు రాసి, వరసగా కుంకం బొట్లు పెట్టి ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే పసుపు ఇంకా తడిగానే ఉంది.